పడవ అడ్డు, జనం అడ్డు

పడవ కదలాలి. కదిలి, మలుపు తిరిగి, కంటికి కనపడకుండా పోవాలి. అప్పుడుగానీ ముక్కాలక్క పని మొదలుకాదు.

రేవు మెట్ల పైవరుస మీద సుద్దతో గీసుకున్న మూడు గుర్తుల్లో కెమెరా స్టాండు మూడు కాళ్ళూ నిలబెట్టింది. రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా మరలు తిప్పింది. టేపు లాగి నేల నుంచి కెమెరా కంటిదాకా మళ్ళీ కొలిచింది. మీటరు అరవై. మనిషి కంటి ఎత్తు అని నిబంధనల్లో ఉంటుంది, ఏ మనిషిదో ఉండదు. ఆమె కన్ను అంతకు బెత్తెడు కిందే. ఇరవై రెండేళ్ళుగా ఆ స్టాండు భుజాన వేసుకుని తిరుగుతోంది కాబట్టి ఆఫీసులో అందరికీ ముక్కాలక్క. ఆ పేరు ఎలా పాకిందో గాని రేవు దాకా పాకింది.

ఎదురుగా నీటి అంచున నీలం అద్దాల సమావేశ భవనం. ముందు సన్నం, వెనక వెడల్పు. రేవులో దాన్ని ఇస్త్రీపెట్టె అంటారు. "నీళ్ళ ముడతలు తీయడానికి పెట్టారమ్మా" అని టికెట్లిచ్చే బాబాయి మొదటి రోజే చెప్పాడు. ఇప్పుడు ఆ ఇస్త్రీపెట్టెను నీటిలోకి ఇంకో నూట పది మీటర్లు పొడిగించబోతున్నారు. పొడిగిస్తే చుట్టుపక్కల వాళ్ళ కళ్ళకు ఏమేం మూసుకుపోతుందో, అది ఎంత నష్టమో తేల్చి నివేదిక రాయాలి. రాసేది ముక్కాలక్క ఆఫీసు. రాయించుకునేది కట్టేవాళ్ళే. పన్నెండు చోట్ల నుంచి ఫోటోలు తీయాలి. రేవు మెట్లు ఏడో చోటు.

ఫోటోలో కదిలేవి ఉండకూడదని పెద్దసారు ఆజ్ఞ. రెండు వారాలుగా రోజుకో వెలుతురులో తీస్తోంది. ఇది ఆఖరి రోజు.

ఎనిమిదీ పదికి పడవ కూత వేసింది. అవతలి ఒడ్డున చేపలు శుభ్రం చేసి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ ఉంది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు పన్నెండు రోజులు అక్కడే ఉండి రెండు రోజులకు ఇంటికొస్తారు. రోజూ ఒక జట్టు వెళుతుంది. మెట్ల మీద బూట్లు, సంచులు, టిఫిను డబ్బాలు, చంకన పిల్లలు.

"వెళ్తున్నా పిచ్చుకా" అంది ఒకామె నాలుగేళ్ళ పిల్ల చెంపలు రెండూ పట్టుకుని.

"నీ నోరు మండ! వెళ్తున్నా ఏంటే? వెళ్ళొస్తా అను" అంది పక్కనున్న ముసలామె. వెళ్ళే ఆమెకు తల్లి, పిల్లకు అమ్మమ్మ.

"సరేలేవే అమ్మా. వెళ్ళొస్తా. పన్నెండంటే పన్నెండే."

పడవ కదిలింది. పిల్ల ఏడుస్తుందేమోనని ముక్కాలక్క చూసింది. ఏడవలేదు. మూడో మెట్టు మీద నిలబడి చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. పడవ వెనకభాగంలో తల్లి టిఫిను డబ్బా మూత తీసి ఎండకేసి పట్టింది. తళుక్కుమంది. పడవ ఇస్త్రీపెట్టె పక్కనుంచి సాగింది, చిన్నదైంది, దీపస్తంభం వైపు తిరిగింది. మనుషులు ఎవరెవరో తెలియకుండా పోయింది. మూత మాత్రం మెరుస్తూనే ఉంది. మెట్ల మీద నలభై మంది. ఒక్కరూ కదల్లేదు.

ముక్కాలక్క మబ్బు వైపు, గడియారం వైపు చూసుకుంది. ఫీల్డు బుక్కు తెరిచి, రోజూ రాసేదే రాసింది: *8.10 నుంచి పడవ అడ్డు, జనం అడ్డు.*

"అమ్మమ్మగారూ, మీరు కొంచెం అడ్డు తప్పుకుంటారా?"

ముసలామె తల తిప్పలేదు. "తియ్యి తల్లీ. మేం బొమ్మలో పడితే అరిగిపోతామా?"

"మీరు పడకూడదండీ."

"ఏం, అంత వికారంగా ఉన్నామా?"

పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాళ్ళూ తల తిప్పలేదు. దీపస్తంభం దగ్గర మెరుపు ఒకసారి వెలిగి, మళ్ళీ వెలగలేదు.

"అమ్మ చుక్క పోయింది" అంది పిల్ల, ఆట అయిపోయిందన్నట్టు. చెయ్యి దించి మెట్లెక్కింది.

"ఇదుగో, అయిపోయింది. ఇక నీదే రాజ్యం" అంది ముసలామె.

*8.21. ఖాళీ.* ముక్కాలక్క మీట నొక్కింది. చాలా మంచి ఫోటో వచ్చింది. నీళ్ళు, అద్దాలు, ఆకాశం. మనిషన్నవాడు లేడు.

*

మర్నాడు మధ్యాహ్నం పెద్దసారు నివేదికలోని పట్టిక చెబుతూ ఉంటే ముక్కాలక్క రాసుకుంది. ఆ ఫోటోలోనే కంప్యూటరులో కొత్త కట్టడాన్ని అతికించి ఉంచింది. అతుకు తెలియకుండా నీడ కూడా వేసింది. ఆ పనిలో ఆమెకు పేరుంది.

"ఏడో చోటు. చూసేవారు ఎవరు?" పెద్దసారు తనే అడిగి తనే జవాబు చెప్పేవాడు. "నివాసులు లేరు. పర్యాటకులు లేరు. ప్రయాణికులు, టికెట్ల ప్రకారం రోజుకు నలభై ఆరు. ప్రయాణికులు కొద్ది నిమిషాలే ఉంటారు, వాళ్ళ దృష్టి ప్రయాణం మీదుంటుంది. ప్రభావం స్వల్పం. రాయి."

"సార్, సాగనంపడానికి వచ్చేవాళ్ళుంటారు."

"వాళ్ళకి టికెట్టుందా?"

"వాళ్ళెక్కడికీ పోరు కదండీ. టికెట్టెందుకు?"

"టికెట్టు లేని మనిషి లెక్కలోకెలా వస్తాడమ్మా?" పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయినా వాళ్ళు చూడ్డానికి రారు, ఏడవడానికొస్తారు. ఏడ్చే కళ్ళకి ఏం కనిపిస్తుంది చెప్పు?"

గదిలో ఉన్న ఇద్దరు గుమాస్తాలు నవ్వారు. ముక్కాలక్క కూడా నవ్వింది. ఉద్యోగం నవ్వు. ఆ నవ్వు మూతి మీద నుంచి దిగడానికి కొంచెంసేపు పట్టింది. స్వల్పం అని రాసింది.

"ఫీల్డు బుక్కు నివేదికకి జతచెయ్యాలి. ఈ ఆదివారం ఇంట్లో కూర్చుని నీటుగా తిరగరాసెయ్. ఎప్పుడూ చేసేదే కదా. చెత్తంతా ఎందుకు, తేదీ, టైము, వెలుతురు, ఎత్తు చాలు."

బుక్కులో ప్రతి పేజీ అడుగునా పెద్దసారు పొట్టి సంతకం ఉంది. ఏ రోజుకారోజు పెట్టినవే, చదవకుండా.

*

శుక్రవారం పొద్దున టికెట్ల హాల్లో బోర్డులు పెట్టారు, వాటి దగ్గర ముక్కాలక్కను నిలబెట్టారు. జనం చూసి అభిప్రాయాలు రాయాలని రూలు. పన్నెండు చోట్లు, ఒక్కో చోటికి రెండు ఫోటోలు: ఇప్పుడు, తర్వాత. పక్కన దారంతో కట్టిన పెన్ను, ఒక పుస్తకం. పుస్తకంలో అప్పటికి ఒకటే అభిప్రాయం ఉంది: 'పెన్ను రాయడం లేదు.' అది టికెట్ల బాబాయి చేతిరాత.

అమ్మమ్మ పిచ్చుకను చంకనేసుకుని వచ్చింది. తల్లి లేని రోజుల్లో కూడా పిల్ల పొద్దున్నే పడవ చూడాలంటుందట, మధ్యలో అమ్మ దిగుతుందేమోనని.

"నువ్వు తీసినవేనా? బాగున్నాయే. నాకు చదువు రాదు, చెప్పు. ఇందులో మా పడవ ఏది?"

"పడవ లేదండీ."

"రేవు బొమ్మలో పడవ లేకపోవడమేంటి? పెళ్ళి ఫోటోలో పెళ్ళికొడుకు లేనట్టు."

"కదిలేవి ఉండకూడదని..."

అమ్మమ్మ ఆ మాట పట్టించుకోలేదు. రెండో ఫోటో మీద వేలు పెట్టింది. పిల్ల కూడా పెట్టింది. "దీపస్తంభం ఇక్కడ కదా ఉండాలి?"

"దాని వెనకుందండీ. కొత్త కట్టడం వెనక."

"మరి పడవ?"

"పడవా దాని వెనక్కే పోతుంది."

"ఎంతసేపటికి?"

ముక్కాలక్క బొమ్మ వైపు చూసింది. గోడ ఎంత పొడవో, ఎంత ఎత్తో తను అతికించిందే. పడవ వేగం తెలియంది కాదు. ఇన్నాళ్ళూ ఈ లెక్క ఎవరూ అడగలేదు, తనకూ తోచలేదు. "రెండు నిమిషాలు" అంది. "మహా అయితే రెండున్నర."

అమ్మమ్మ పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"నీకు పిల్లలున్నారా అమ్మా?"

"లేరండీ."

"అయితే చెబుతా విను. పొగమంచు పట్టిన రోజుందే, ఆ రోజు దీన్ని పట్టడం నా తరం కాదు. పడవ ఇలా కదిలిందో లేదో అలా మాయం. గుక్కపట్టి నీలమైపోతుంది. అదే మంచు లేని రోజు చూశావుగా, కిమ్మనదు. తల్లి చిన్నదవుతుంది, ఇంకా చిన్నదవుతుంది, చుక్కవుతుంది, పోతుంది. కొంచెం కొంచెంగా పెడితే పిల్ల అరిగించుకుంటుందమ్మా. ముద్ద మొత్తం ఒకేసారి కుక్కితే గొంతుకి అడ్డం పడుతుంది." ఆమె వేలు ఇంకా గోడ మీదే ఉంది. "ఇది కడితే మాకు ఏడాది పొడుగునా పొగమంచే."

ముక్కాలక్క కూడా ఆ గోడ వైపు చూసింది. గోడ నీడ ఎంత బాగా కుదిరిందో అని మొన్న సాయంత్రం ఆఫీసులో ఇద్దర్ని పిలిచి మరీ చూపించింది.

"ఈ బొమ్మల కింద కాగితంలో ఏం రాశారు మా గురించి?"

చదివితే బాగుండదు. చదవకపోతే ఇంకా బాగుండదు. చదివింది. ప్రభావం స్వల్పం దాకా చదివింది.

"ప్రయాణికులంటే మా అమ్మాయి. మరి మేమో?"

"మీరు... ఇందులో లేరండీ."

"మేం లేకపోతే మరి మొన్న ఎవర్ని అడ్డు తప్పుకోమన్నావ్?"

ఆ మాటలో కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. ముక్కాలక్క బోర్డు కింద ఉన్న, జనం మాట వినే విచారణ తేదీ వేలితో చూపించి, బుధవారం పదకొండింటికి, ఇస్త్రీపెట్టెలోనే, మూడో అంతస్తు అని రెండుసార్లు చెప్పింది.

*

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్త ఫీల్డు బుక్కు, పాత ఫీల్డు బుక్కు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. కిటికీ దగ్గర వదిన కుట్టుమిషను తొక్కుతోంది. ముక్కాలక్క అన్నయ్య భార్య. ఆ ఇంట్లో ఇప్పుడు వాళ్ళిద్దరే.

మొదటి రోజు. తేదీ, టైము, వెలుతురు, ఎత్తు. తిరగరాసింది. రెండో రోజు. పెన్ను ఆగింది. పేజీలు తిప్పింది. పధ్నాలుగు రోజులు. మబ్బు పట్టిన రోజు, ఎండ కాసిన రోజు, చినుకు పడ్డ రోజు. *పడవ అడ్డు, జనం అడ్డు, 8.10 – 8.21. పడవ అడ్డు, జనం అడ్డు, 8.11 – 8.22. జనం నలభై దాకా, జరగమంటే జరగరు, 8.10 – 8.21.* విసుగుతో నొక్కి రాసిన చోట కాగితం వెనక వైపు ఉబ్బింది.

"వదినా, మనిషి వెళ్ళేటప్పుడు కనపడినంతసేపూ నిలబడి చూడ్డం... అదంత ముఖ్యమంటావా?"

మిషను ఆగలేదు. "ఇప్పుడా అనుమానం ఎందుకొచ్చింది నీకు?"

"ఊరికే."

వదిన కుట్టు చివరిదాకా లాగి, దారం పళ్ళతో తెంపింది. "మీ అన్నయ్య వెళ్ళిన రోజు బండి మన సందు చివరిదాకా పోలేదింకా. పొయ్యి మీద పాలున్నాయి కదా, పొంగిపోతాయని లోపలికొచ్చేశాను. సాయంత్రానికి వచ్చేస్తాడుగా అనుకున్నా." ఇంకో గుడ్డ తీసి మిషను కింద పెట్టింది. "పాలు దక్కాయి."

మిషను మళ్ళీ మొదలైంది. ముక్కాలక్క కొత్త బుక్కు మూసేసింది. అందులో ఒక రోజే ఉంది. సొరుగులో పడేసి, పాత బుక్కును నివేదిక కవరులో పెట్టింది. తను రాసినదే, ఒక్క అక్షరం చేర్చలేదు. తిరగరాయలేదు, అంతే. ఇరవై రెండేళ్ళలో చెప్పిన పని చేయకపోవడం ఇదే మొదలు.

*

విచారణ గదికి నీటివైపు మొత్తం అద్దమే. గుమ్మం దగ్గర బల్ల మీద రంగు కాగితాలు పేర్చి ఉన్నాయి: 'కొత్త విభాగంలో మీ అతిథులకు అడ్డులేని నీటి దృశ్యం.' కుర్చీలు నలభై, జనం పదిహేను మంది. చివరి వరసలో అమ్మమ్మ, చేతిలో ఎవరిచేతనో చదివించుకున్న రంగు కాగితం, ఒళ్ళో నిద్రపోతున్న పిచ్చుక.

విచారణ అధికారి నడివయసు ఆడమనిషి. కళ్ళజోడు గొలుసుకు వేలాడుతూ ఉంటుంది, చదవాల్సి వస్తేనే పెట్టుకుంటుంది. పెద్దసారు లేచి తెర మీద బొమ్మలు చూపిస్తూ, ఒకటో చోటు స్వల్పం, రెండో చోటు ఓ మోస్తరు, మూడో చోటు స్వల్పం అంటూ పన్నెండూ ముగించాడు. గొంతు మంచి గొంతు. వింటుంటే ఇస్త్రీపెట్టె పొడిగించకపోతేనే నీటికి నష్టమేమో అనిపిస్తుంది.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఫీల్డు బుక్కు తిరగేస్తోంది. ఏడో చోటు దగ్గర ఆగింది. ఒక పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది.

"ఇదేంటండీ? 'పడవ అడ్డు, జనం అడ్డు.' రోజూ ఉంది."

పెద్దసారు మెడ సాచి చూశాడు. చూసి, వెనక వరసలో స్టాండు పక్కన కూర్చున్న ముక్కాలక్క వైపు ఒక్క క్షణం తిరిగాడు. "అదా మేడమ్. ఫోటోలో కదిలే వస్తువులు పడకూడదు కదా. అవి తొలగేదాకా ఆగుతాం. పని పద్ధతి అది."

"ఈ సంతకాలు మీవేనా?"

"నావే."

"అంటే చదివే పెట్టారు."

"...అవును మేడమ్."

"ఈ జనం ఎవరు?"

"ప్రయాణికులు. నివేదికలో రాశాం."

"ప్రయాణికులైతే పడవెక్కాలిగా?" ఆమె వేలు గీత వెంట పాకింది. "పడవ కదిలింది ఎనిమిదీ పదికి. ప్రయాణికులు అందులో ఉన్నారు. ఎనిమిదీ ఇరవై ఒకటి దాకా మెట్ల మీద నలభై మంది ఉన్నారని మీ పుస్తకమే చెబుతోంది. చినుకు పడిన రోజు కూడా. ఎవరు వీళ్ళు? పదకొండు నిమిషాలు ఏం చూస్తున్నారు?"

పెద్దసారు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు, అది ఖాళీగా ఉంది.

చివరి వరసలో కుర్చీ కిర్రుమంది. అమ్మమ్మ పిల్లను భుజాన వేసుకుని లేచింది.

"ఆ అడ్డు మేమేనమ్మా" అంది.

ఎవరూ నవ్వలేదు. అధికారి కళ్ళజోడు తీసేసింది. "ముందుకొచ్చి చెప్పండి" అంది.

అమ్మమ్మ వచ్చింది. పొగమంచు సంగతి, మూత సంగతి, కొంచెం కొంచెంగా పెట్టే ముద్ద సంగతి, టికెట్ల హాల్లో ఎలా చెప్పిందో అలాగే చెప్పింది. మధ్యలో అద్దంలోంచి బయటికి చూపించి, "ఇక్కణ్ణుంచి దారంతా ఎంత బాగా కనపడుతోందో. మీ చుట్టాలకి అడ్డు లేకుండా చూపించడానికి మాకు అడ్డం కడతారా?" అని పెద్దసారునే అడిగింది. ఆయన కట్టేవాడు కాదని ఆమెకు తెలియదు. తెలిసినా అడిగేదేమో.

అధికారి రాయించింది: ఏడో చోటు అంచనా చెల్లదు. చూసేవారి పట్టికలో సాగనంపేవారు అని కొత్త వరస చేర్చాలి. పడవతో, జనంతో మళ్ళీ ఫోటోలు తీయాలి, ఒకటి నాలుగేళ్ళ పిల్ల కంటి ఎత్తులో. అంతవరకు అనుమతి విషయం ఎత్తకూడదు.

*

ఆఫీసుకు రాగానే పెద్దసారు ముక్కాలక్కను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"తిరగరాయమన్నానా లేదా?"

"అన్నారు."

"మరి?"

"ఉన్నదున్నట్టు జతచెయ్యాలని రూల్లో ఉంది సార్."

"రూలు నాకు చెబుతున్నావా? నవ్వులాటగా ఉందా నీకు? నెలాఖరుకి నిన్ను సాగనంపుతాను, చూస్తూ ఉండు."

సాగనంపడం అనే మాట ఆయన నోట అలా వినేసరికి ముక్కాలక్కకు ఒళ్ళు మండింది. ఆయన పట్టికలో ఇన్నాళ్ళూ లేని మాట ఇవాళ ఆయనకు బాగా పనికొచ్చింది, మనిషిని గెంటడానికి.

"నెలాఖరు దాకా ఎందుకు సార్" అంది.

స్టాండు మూడు కాళ్ళూ ముడిచి, పట్టీ బిగించి, మూలన నిలబెట్టింది. టేపు, సుద్దముక్కల డబ్బా, రసమట్టం బల్ల మీద పెట్టింది. గుమ్మం దగ్గర ఆగింది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి సాయంత్రం అక్కడ ఆగి 'వెళ్ళొస్తాను సార్' అంటుంది.

"వెళ్తున్నాను సార్."

మాట సగంలో ఆగిందనుకున్నాడు కాబోలు, పెద్దసారు తలెత్తి మిగతా సగం కోసం చూశాడు. అప్పటికి ఆమె మెట్లు దిగుతోంది.

*

పిచ్చుక తల్లి వచ్చి రెండు రోజులుండి మళ్ళీ వెళ్ళే రోజు. ముక్కాలక్క రేవుకు వస్తుంటే వదిన కూడా చెప్పులేసుకుంది. "ఎందుకు" అని ముక్కాలక్క అడగలేదు.

మెట్ల పైవరుసలో పెద్దసారే ఉన్నాడు, స్టాండుతో. సుద్ద గుర్తులు వానకు పోయాయి. రసమట్టంలో బుడగ ఈ చివరికో ఆ చివరికో పోతోంది గాని నడిమికి రావడం లేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ముక్కాలక్క కాసేపు చూసి, ఉండబట్టలేక వెళ్ళి, ఎడమకాలి మర సగం చుట్టు తిప్పింది. బుడగ వచ్చి కూర్చుంది. ఆమె తిరిగి వచ్చి జనంలో నిలబడింది.

కూత పడింది. తల్లి పడవెక్కి వెనక్కి తిరిగి "వెళ్ళొస్తా" అని గట్టిగా అరిచింది. అమ్మమ్మ తృప్తిగా తలూపింది.

"కొంచెం పక్కకి జరగండమ్మా" అన్నాడు పెద్దసారు, అలవాటు కొద్దీ.

"జరగం బాబూ. ఈసారి మమ్మల్నే కదా తీయమన్నారు?"

పడవ ఇస్త్రీపెట్టె పక్కనుంచి సాగింది. నీటిలో నూట పది మీటర్ల దాకా కట్టబోయే చోటికి గుర్తుగా ఎర్రజెండాల వెదుళ్ళు పాతి ఉన్నాయి. వాటినింకా ఎవరూ పీకలేదు. కడతారో, మానతారో ఎవరికీ తెలియదు. పడవ ఆ వెదుళ్ళ వెనక్కి వెళ్ళింది. రెండు నిమిషాలు దాటింది. వెదుళ్ళ సందుల్లోంచి మూత తళుక్కుమంటూనే ఉంది. పిచ్చుక చెయ్యి ఊపుతూనే ఉంది.

అయిదు నిమిషాలు. ఏడు. ముక్కాలక్క పక్కకు చూసింది. వదిన కొంగు గట్టిగా పట్టుకుని, రెప్ప వేయకుండా నిలబడింది. ఆ పడవలో ఆమెకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

"వదినా, ఇంకా చాలాసేపు పడుతుంది. నువ్వు పోతావా?" అంది మెల్లగా.

వదిన కళ్ళు తిప్పలేదు.

"పొయ్యి ఆర్పేసే వచ్చాను."